ఒకటికి మించిన తెరలు: విండోను ఎక్కడ ఉంచాలి?

ఇంతవరకు మీరు రాసిన ప్రోగ్రాములన్నీ కంప్యూటరుకు ఒకే తెర ఉంటుందనుకుని రాసినవి. ఇప్పుడు నరసాపురంలో లేసు ఎగుమతి చేసే ఒక కార్యాలయాన్ని ఊహించుకోండి. గుమస్తాకు ఎదురుగా ఉన్న ప్రధాన మానిటరులో ఆర్డరు ఫారం ఉంది. దానికి ఎడమవైపు మానిటరులో అల్లిక నమూనా ఉంది. రెండూ 1920 × 1080 పిక్సెళ్లవే.

విండోస్ 98 నుంచి విండోస్ ఈ తెరలను కలిపి ఒకే తలంగా చూస్తుంది. దీనిని వర్చువల్ స్క్రీన్ అంటారు. ప్రధాన మానిటరు ఎడమ పైమూల (0, 0). కనుక ఎడమ మానిటరులో ఎక్స్ నిరూపకం −1920 నుంచి −1 వరకు ఉంటుంది.

విద్యార్థులు తడబడేది ఈ రుణ విలువల దగ్గరే. "నిరూపకం సున్నా కంటే తక్కువైతే సున్నా చేయి" అన్న షరతు ఒకే తెర ఉన్నప్పుడు మంచి జాగ్రత్త. ఇక్కడ అదే దోషం. గుమస్తా నమూనాను ఎడమ తెరలో ఉంచి వెళ్తే, మర్నాడు అది ఆర్డరు ఫారం మీదికి వచ్చి కూర్చుంటుంది. మౌస్ సందేశంలోని తెర నిరూపకాన్ని లోవర్డ్ మాక్రోతో తీసుకుంటే −100 కాస్తా 65436 అవుతుంది. గెట్_ఎక్స్_ఎల్‌పరామ్ వాడితే రుణ గుర్తు పోదు.

ఇక రెండో మానిటరును మరమ్మతుకు పంపారనుకోండి. దాచిన పాత స్థానంలోనే సెట్‌విండోపాస్‌తో విండోను తెరిస్తే, టాస్క్‌బార్‌లో పేరు ఉంటుంది, తెర మీద ఏమీ కనిపించదు. పాపం గుమస్తా ప్రోగ్రాము పాడైందనుకుంటాడు. స్థానం వర్చువల్ స్క్రీన్ హద్దుల్లో ఉందో లేదో చూస్తే చాలదా అని మీరు అడగవచ్చు. చాలదు. ఎడమ మానిటరు 1280 × 1024 పరిమాణంలో ఉండి, పైఅంచులు సమంగా ఉంటే, దాని కింద 56 పిక్సెళ్ల పట్టీ హద్దుల్లోనే ఉన్నా ఏ తెరకూ చెందదు.

అందువల్ల దాచిన దీర్ఘచతురస్రాన్ని మానిటర్‌ఫ్రమ్‌రెక్ట్‌కు ఇచ్చి, దగ్గరి మానిటరును కోరండి. తరువాత గెట్‌మానిటర్‌ఇన్ఫోతో దాని పని ప్రాంతాన్ని, అంటే టాస్క్‌బార్ పోగా మిగిలిన భాగాన్ని, తెలుసుకుని విండోను అందులోకి జరపండి. పిలిచే ముందు నిర్మాణంలోని సీబీసైజ్ సభ్యానికి విలువ ఇవ్వాలి. లేకపోతే ఫంక్షను విఫలమవుతుంది.

అభ్యాసం: రెండో మానిటరు లేనివారు దాచిన ఎక్స్ విలువను −1500గా చేత్తో మార్చి ప్రోగ్రామును తెరవండి. విండో ఎక్కడ తేలిందో రాయండి.