ఆర్‌వీ వాటర్ హీటర్ వాల్వ్ నుంచి నీళ్లు కారుతున్నాయా? బిరడా మాత్రం వేయొద్దు.. వేస్తే ముప్పే!

అమెరికాలో వేసవి సెలవులు మొదలయ్యాయంటే చాలు.. ఎల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్ వైపు ఆర్‌వీలు క్యూ కడతాయి. ఆర్‌వీ అంటే రిక్రియేషనల్ వెహికల్. సింపుల్‌గా చెప్పాలంటే చక్రాల మీద ఇల్లు. పడక, వంటగది, బాత్రూం అన్నీ అందులోనే. అక్కడ ఉండే తెలుగు కుటుంబాలు కూడా పిల్లలతో, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో ఇలాంటి ట్రిప్పులకు వెళ్తుంటాయి. అయితే ఈ బండ్లలో తరచూ కనిపించే ఓ సమస్య ఉంది. అదే వాటర్ హీటర్ వాల్వ్ నుంచి నీళ్లు చుక్క చుక్కగా కారడం. చిన్న లీకేజీయే కదా అని దాన్ని మూసేస్తే పెద్ద ప్రమాదాన్ని కొనితెచ్చుకున్నట్లే. ఎందుకో ఇప్పుడు చూద్దాం..

ఆ వాల్వ్ పనేంటి?

ఆర్‌వీల్లో ఎక్కువగా 6 లేదా 10 గ్యాలన్ల హీటర్ ట్యాంకులు ఉంటాయి. అంటే సుమారు 23 లేదా 38 లీటర్లు. ట్యాంకు పైభాగంలో, బయటి తలుపు తీయగానే చిన్న లివర్‌తో ఓ ఇత్తడి వాల్వ్ కనిపిస్తుంది. దీన్నే ప్రెషర్ అండ్ టెంపరేచర్ రిలీఫ్ వాల్వ్ అంటారు. లోపల ప్రెషర్ 150 పీఎస్ఐ దాటినా, వేడి 210 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, అంటే దాదాపు 99 డిగ్రీల సెల్సియస్‌కు చేరినా ఇది తనంతట తానే తెరుచుకుంటుంది. థర్మోస్టాట్ పాడై నీళ్లు మరుగుతూనే ఉంటే కాపాడే చివరి దిక్కు ఇదే. దానికి బిరడా కొడితే ప్రెషర్ పోయే దారి ఉండదు. ట్యాంకు పగిలితే మరిగిన నీరు ఒక్కసారిగా ఆవిరైపోతుంది. నీరు ఆవిరైతే సుమారు 1,600 రెట్లు వ్యాపిస్తుంది. అందుకే అది బాంబులా పేలుతుంది.

కారిందంటే పాడైనట్టేనా?

కాదు. నీళ్లు వేడెక్కితే వ్యాకోచిస్తాయి. అందుకోసమే ట్యాంకు పైభాగంలో కొంత గాలి ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ ఆ గాలి నీళ్లలో కలిసిపోతుంది. అప్పుడు పెరిగిన నీటికి చోటు లేక వాల్వ్ నుంచి చుక్కలు పడతాయి. దీనికి కొత్త వాల్వ్ అక్కర్లేదు. హీటర్ ఆఫ్ చేసి, నీళ్లు పూర్తిగా చల్లారాక సప్లై కట్టేయాలి. లోపల ఓ వేడినీళ్ల ట్యాప్ తిప్పి, వాల్వ్ లివర్ లాగి పట్టుకోవాలి. నీళ్లు ఆగిపోయాక లివర్ వదిలేసి, ట్యాప్ కట్టేసి, మళ్లీ సప్లై ఆన్ చేస్తే సరి. ట్యాంకులో మళ్లీ గాలి చేరుతుంది.

ఇలా చేశాక కూడా, హీటర్ చల్లగా ఉన్నప్పుడు కూడా కారుతూనే ఉంటే మాత్రం వాల్వ్ మార్చాల్సిందే.

మార్చేది ఇలా..

1. హీటర్ కరెంట్, గ్యాస్ రెండూ ఆఫ్ చేయాలి. నీళ్లు చల్లారే దాకా కొన్ని గంటలు ఆగాలి. వేడి నీళ్లు మీద పడితే సెకన్లలోనే చర్మం కాలిపోతుంది.

2. పంపు ఆపి, బయటి నుంచి వచ్చే నీళ్ల పైపు కట్టేయాలి. లోపల వేడినీళ్ల ట్యాప్‌లు తెరిచి ప్రెషర్ వదిలించాలి. ఆ తర్వాతే కింద ఉన్న డ్రెయిన్ ప్లగ్ విప్పి ట్యాంకు ఖాళీ చేయాలి.

3. పాత వాల్వ్‌ను పైప్ రెంచ్‌తో ఎడమవైపు తిప్పి విప్పాలి. తుప్పు పట్టి బిగుసుకుపోతే బలవంతం చేయొద్దు. ట్యాంకు మరలు దెబ్బతింటే ట్యాంకే మార్చాల్సి రావచ్చు. అలాంటప్పుడు మెకానిక్‌ను పిలవడమే మంచిది.

4. కొత్త వాల్వ్ సైజు, దాని ట్యాగ్ మీద ఉన్న ప్రెషర్, టెంపరేచర్ అంకెలు పాతదానితో సరిపోవాలి. మరలకు టెఫ్లాన్ టేప్ చుట్టి, నీళ్లు పోయే మూతి కిందికి ఉండేలా బిగించాలి.

5. డ్రెయిన్ ప్లగ్ పెట్టి నీళ్లు వదలాలి. వేడినీళ్ల ట్యాప్ నుంచి గాలి లేకుండా ధార సాఫీగా వచ్చాకే ట్యాప్ కట్టేసి, లీకేజీ లేదని చూసుకుని హీటర్ ఆన్ చేయాలి. ఖాళీ ట్యాంకుతో స్విచ్ వేస్తే ఎలక్ట్రిక్ ఎలిమెంట్ కాలిపోతుంది.

అద్దెకు తీసుకున్న ఆర్‌వీ అయితే సొంత రిపేర్లు పెట్టుకోకుండా యజమానికి ఫోన్ చేయడమే బెటర్.

మన ఇళ్లలోనూ అంతే..

ఇది అమెరికా ముచ్చటే అనుకోవద్దు. మన బాత్రూంలోని స్టోరేజ్ గీజర్‌కు కూడా ఇలాంటి సేఫ్టీ వాల్వ్ ఉంటుంది. గీజర్ వేడెక్కేటప్పుడు దాన్నుంచి కాసిన్ని చుక్కలు పడటం మామూలే. ఆగకుండా కారితే స్విచ్ ఆపి టెక్నీషియన్‌ను పిలవండి. అంతేకానీ గుడ్డ ముక్కో, ఎంసీల్‌తోనో ఆ దారి మూసేయకండి. బకెట్ నీళ్లు పోతే మళ్లీ పట్టుకోవచ్చు.. ప్రాణం పోతే తిరిగి రాదు కదా!