చక్రం పక్కన కూర్చున్న డైనమో

కలపర్రు టోల్‌గేటు దగ్గర వరసలో ఉన్నప్పుడు మొదటిసారి గమనించాను. ముందున్న చేపల లారీ ఆగింది, నేనూ మెల్లగా బ్రేకు నొక్కాను. కారు ఇక ఆగిపోతుందనగా పాదం కింద పెడల్ గరగరమంటూ ఎదురు తన్నింది. బండి ఇంకో మూరెడు ముందుకు జారింది. రోడ్డు చూస్తే పొడిగా ఉంది, వేగం చూస్తే సైకిలంత కూడా లేదు. ఏబీఎస్ నిద్ర లేవాల్సిన సందర్భమే కాదు. డ్యాష్‌బోర్డు మీద ఏ లైటూ వెలగలేదు.

ముందు చూపించిన చోట ఏబీఎస్ యూనిట్ మొత్తం మార్చాలన్నారు. దాని ధర విన్నాక బండి తిప్పుకుని పెదపాడు వచ్చేశాను. అక్కడ రోడ్డు వారగా ఓ రేకుల షెడ్డు. మెకానిక్ స్టీరింగు పట్టుకుని, స్కానర్ నా ఒళ్లో పెట్టాడు. తెరమీద నాలుగు చక్రాల వేగాలు నాలుగు అంకెలుగా కనిపిస్తున్నాయి. 20, 20, 20, 20. బ్రేకు నొక్కాడు. 14 దాకా నాలుగూ కలిసే దిగాయి. 9 దగ్గరికి వచ్చేసరికి ఎడమవైపు ముందు చక్రం అంకె ఠక్కున సున్నా అయింది. అదే క్షణాన పెడల్ వణికింది.

“చూశారాండీ, ఆ చక్రం ఆగిపోయిందని కంప్యూటరు అనుకుంటోంది. మనమేమో దానిమీదే దొర్లిపోతన్నాం” అన్నాడు.

చక్రం బిగుసుకుపోయి జారుతోందనుకుంటే ఏబీఎస్ ఆ చక్రానికి బ్రేకు వదులుతుంది. అది దాని ధర్మం. ఇక్కడ అది తన పని తాను చక్కగానే చేసింది, అందిన కబురే తప్పు.

ఆ కబురు పంపేది చిటికెన వేలంత పరికరం. నా పదిహేనేళ్ల నాటి కారులో ఉన్నది పాతరకం. అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగితీగ చుట్ట, ఎదురుగా చక్రంతోపాటు తిరిగే పళ్ల రింగు. ఒక్కో పన్ను ముందునుంచి పోయినప్పుడల్లా అయస్కాంత క్షేత్రం కాస్త అటూ ఇటూ అవుతుంది, తీగలో చిన్న విద్యుత్ తరంగం పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే. రింగుకి 48 పళ్లు, టైరు చుట్టుకొలత 2 మీటర్లు అనుకోండి. గంటకు 36 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు 5 చుట్లు తిరుగుతుంది, కంప్యూటరుకు 240 తరంగాలు అందుతాయి. అది వాటిని లెక్కపెట్టుకుంటుంది, అంతే.

దీని బలహీనత తెలియాలంటే పాత సైకిల్ డైనమో గుర్తుచేసుకుంటే చాలు. కొల్లేటి గట్ల మీద రాత్రిపూట సైకిల్ తొక్కినవాళ్లకి చెప్పక్కర్లేదు. జోరుగా తొక్కితే దీపం ధగధగలాడుతుంది. గుంత చూసి నెమ్మదిస్తే, సరిగ్గా వెలుతురు కావాల్సినప్పుడే అది కొడిగడుతుంది. ఈ సెన్సరుదీ అదే బుద్ధి. వేగం తగ్గేకొద్దీ తరంగం చిక్కిపోతుంది. సెన్సరు మొనకీ పంటికీ మధ్య ఉండే ఖాళీ మిల్లీమీటరు అటూఇటూ. అది కొంచెం పెరిగినా మెల్లటి వేగాల్లో కబురు వినపడదు.

అసలు ఏబీఎస్ మొదట వాడుకలోకి వచ్చింది రోడ్డు మీద కాదు. 1950లలో డన్‌లప్ కంపెనీ మ్యాక్సరెట్ పేరుతో విమాన చక్రాలకి బిగించిన పరికరంలో తీగా లేదు, కరెంటూ లేదు. చక్రం హఠాత్తుగా ఆగితే లోపల తిరిగే ఓ చిన్న బరువు చక్రం ఆ తేడా పట్టేసేది. 1966లో జెన్సెన్ ఎఫ్ఎఫ్ అనే బ్రిటిష్ కారు దాన్ని రోడ్డెక్కించింది. జర్మనీలో బాష్ కంపెనీ చక్రం బిగుసుకోకుండా ఆపే ఉపాయానికి 1936లోనే పేటెంటు రాయించుకున్నా, నమ్మదగిన ఎలక్ట్రానిక్స్ చేతికందడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది. 1978 చివర్లో మెర్సిడెస్ ఎస్ క్లాస్‌తో అది బజారులోకొచ్చింది. మన దగ్గర చాలాకాలం ఏబీఎస్ కావాలంటే ఖరీదైన వేరియంటే కొనాలి. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరైంది.

షెడ్డులో జాకీ వేసి చక్రం విప్పారు. మెకానిక్ ముందు పళ్ల రింగుని వేలితో తడుముతూ ఓ చుట్టు తిప్పాడు. పగులు లేదు, పన్ను విరగలేదు. తర్వాత తీగని స్టీరింగు మలుపుల్లో సాగే చోటంతా ఒత్తి చూశాడు. ఎలుక కొరికిన గాట్లకోసం కూడా వెతికాడు. పొలాల మధ్య ఊళ్లలో అది తమాషా కాదు. కనెక్టరు ఊడదీసి మల్టీమీటరు పెడితే వెయ్యి ఓములు దాటి చూపించింది. చుట్ట తెగలేదన్నమాట. లైటు వెలగకపోవడానికీ అదే కారణం. తీగ తెగితే కంప్యూటరుకి వెంటనే తెలుస్తుంది. ఉన్నవాడు గొంతు తగ్గించి మాట్లాడితే పోల్చుకోలేదు.

బోల్టు తీసి సెన్సరు బయటికి లాగాడు. అది కూర్చునే ఇనప గూటి అంచున ఎర్రటి తుప్పు పొక్కులు. ఇనుము తుప్పయితే తనకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. చెరువు గట్ల బాటల్లో తడిసిన ఒండ్రు అక్కడ చేరి, ఆరి, మళ్లీ తడిసి, ఏళ్ల తరబడి ఆ పొక్కుల్ని పెంచింది. అవి సెన్సరుని అడుగునుంచి కాగితం మందాన పైకి లేపేశాయి.

“సెన్సరు బానే ఉందండి. కూర్చున్న చోటే బాలేదు” అని ఎమరీ కాగితంతో గూడు రుద్దడం మొదలెట్టాడు.

రుద్దుతూనే, పక్కన నిలబడ్డ కొత్త కారు చక్రం దగ్గర మల్టీమీటరు పట్టుకున్న కుర్రాణ్ణి కేకేశాడు. కొత్తరకాల్లో చుట్ట ఉండదు. 1879లో ఎడ్విన్ హాల్ గమనించిన ప్రభావంతోనో, అలాంటి ఇంకో సూత్రంతోనో నడిచే చిప్పు ఉంటుంది. పళ్లకి బదులు బేరింగు సీలులోనే ఉత్తర దక్షిణ ధ్రువాల పట్టీ దాగి ఉంటుంది. చిప్పుకి కారే కరెంటు ఇస్తుంది కాబట్టి దాదాపు ఆగేదాకా కబురు చెబుతూనే ఉంటుంది. దానికి ఓములు కొలిస్తే వచ్చే అంకెకి అర్థం లేదు, పైగా చిప్పు చెడిపోయే ప్రమాదమూ ఉంది. ఆ పట్టీ అయస్కాంతం గనక ఇనప రజను అంటుకుని కూడా ఇబ్బంది పెడుతుంది. బేరింగు మార్చేటప్పుడు వెనకా ముందూ తారుమారు చేసి బిగిస్తే సెన్సరుకి ఏమీ వినపడదు.

గూడు మెరిసేదాకా రుద్ది, సెన్సరు దాన్లో అదిమి, బోల్టు బిగించాడు. మళ్లీ స్కానర్ నా ఒళ్లోకొచ్చింది. 20, 14, 9. ఈసారి నా చూపు ఎడమ అంకె మీదే. 6 దాకా నాలుగూ చేతులు పట్టుకున్నట్టు దిగాయి. ఇంకా మెల్లబడ్డాక నాలుగూ ఒక్కసారే సున్నా అయ్యాయి. పెడల్ ఉలకలేదు.