చెవికి సొగసు కాదు, చేతికి తీరిక!

సాయంత్రం ఆరున్నరకి మా ఇంట్లో పొయ్యిమీద సంగటి ఉడుకుతుంటుంది. సరిగ్గా అప్పుడే హైదరాబాదు హాస్టల్లో ఉండే మా అమ్మాయి ఫోన్ చేస్తుంది. దానికి దొరికేది ఆ అరగంటే. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని తెడ్డు తిప్పుతుంటే మెడ పట్టేసేది. పోనీ స్పీకరు పెడదామంటే ఇంటిల్లిపాదీ వింటారు. అందరూ వింటున్నారని తెలిస్తే ఆ పిల్ల "తిన్నా, బాగుండా" అనడం తప్ప ఇంకో మాట ఎత్తదు. మీ ఇంట్లోనూ ఇదే వరస కదూ?

అందుకే వైరు లేని ఇయర్‌బడ్స్ కొనాలనుకున్నాను. చెవిలో పెట్టుకుంటే చేతులు రెండూ ఖాళీ, మాట మనకొక్కరికే వినబడుతుంది. అయితే నేను చేసిన మొదటి పొరపాటు విన్నాక మీరు కొనడం మంచిది.

బండిమీద బేరం

ప్రొద్దుటూరు బజారులో ఒక బండిమీద "మూడొందల యాభైకి ఇస్తా తీసుకోక్కా, పెద్ద కంపెనీదే" అన్నాడు. పోపులడబ్బాలో దాచిన డబ్బు తీసిచ్చాను. బిల్లు లేదు, గ్యారంటీ లేదు. ఇరవై రోజులకి ఎడమచెవిది మూగబోయింది. తీసుకుపోతే అక్కడ బండీ లేదు, మనిషీ లేడు! ఇంట్లో చెప్పుకోలేక వారం రోజులు నాలో నేనే కుమిలిపోయాను.

తర్వాత ఆలోచిస్తే నవ్వొచ్చింది. బంగారానికి పేరుపడ్డ ఊళ్ళో ఉంటూ, హాల్‌మార్కు చూడకుండా చెవికమ్మలైనా కొనని దాన్ని, చెవిలో పెట్టుకునే ఈ వస్తువుకి ఏ గుర్తూ చూడలేదు. బంగారానికి హాల్‌మార్కు చూసుకునే బి.ఐ.ఎస్. సంస్థ దగ్గరే ఈ ఇయర్‌బడ్స్ కూడా తప్పనిసరిగా నమోదు కావాలట! వస్తువుమీదో డబ్బామీదో ఆ సంస్థ గుర్తు, 'ఆర్' అనే అక్షరం, దాని పక్కన 8 అంకెలు ఉంటాయి. ఫోన్లో 'బి.ఐ.ఎస్. కేర్' యాప్ పెట్టుకుని ఆ నంబరు కొడితే తయారుచేసిన వారి పేరు వస్తుంది. నగమీదుండే ఆరక్షరాల నంబరు కూడా అందులోనే చూసుకోవచ్చు. ఒక యాప్, రెండు పనులు!

ముగ్గురికి మూడు రకాలు

ఈసారి తొందరపడకుండా మా వాళ్ళను అడిగాను. జమ్మలమడుగులో మా చెల్లెలు బట్టలు కుడుతుంది. "నాకు చెవిలోంచి జారి పడిపోతుండె అక్కా, చిన్న రబ్బరు మారిస్తే నిలిచింది" అంది. డబ్బాలో మూడు సైజుల రబ్బరు తొడుగులుంటాయి, మనం చూడకుండా పారేస్తాం! పులివెందులలో మా వదినకు చెవిలో చీము పట్టే బాధ ఉంది. డాక్టరమ్మ చెవిలో దూరేవి వద్దన్నారట. ఆవిడ అవసరమైతే స్పీకరు పెట్టుకుంటుంది కానీ చెవిలో ఏదీ పెట్టదు. చెవిపోటు, చీము ఉన్నవాళ్ళు ముందు డాక్టరుకి చూపించుకోండి.

కొనేముందు ఇవి చూడండి

ధర: రోజువారీ మాటలకి, పాటలకి వెయ్యి, పన్నెండు వందల లోపువి చాలు. డబ్బామీద నాలుగైదు వేలు అచ్చేసి, వెయ్యికే ఇస్తున్నామంటే మురిసిపోకండి. తగ్గింపు కాదు, చేతినుంచి ఎంత పోతోందో అదే లెక్క.

చార్జింగు: '40 గంటలు' అని రాస్తారు. అది డబ్బాలో నిలవుండే చార్జింగుతో కలిపి. చెవిలో ఉండేవి ఒకసారికి ఎన్ని గంటలు పనిచేస్తాయో విడిగా అడగండి. అయిదారు గంటలైతే మనకు ధారాళం.

రెండు మాటలు: 'ఇ.ఎన్.సి.' అంటే మన మిక్సీ మోత అవతలివాళ్ళకు తక్కువగా వినిపించేది. 'ఎ.ఎన్.సి.' అంటే బయటి రొద మన చెవికి తగ్గించేది. దీనికి ధర ఎక్కువ. వంటింటికి మొదటిది చాలు.

నీళ్ళు: 'ఐ.పి.ఎక్స్.4' అని ఉంటే చెమటకి, తుంపర్లకి భయంలేదు. అలాగని బిందెలో పడేస్తే పనిచేయవు!

బిల్లు: గ్యారంటీ ఏడాదైనా ఉండాలి, బిల్లు జాగ్రత్త చేయాలి. కొట్టువాళ్ళు మోసం చేస్తే 1915 నంబరుకి ఫోన్ చేసి వినియోగదారుల విభాగంలో ఫిర్యాదు చెప్పుకోవచ్చు.

వాడకంలో మెలకువలు

వంటింట్లో ఒక్క చెవికే పెట్టుకోండి. రెండో చెవి కుక్కరు విజిలుకి, అత్తగారి పిలుపుకి! చాలా రకాలు ఒక్కటే పెట్టినా పనిచేస్తాయి. ఒకటి వాడుతుంటే రెండోది డబ్బాలో చార్జి అవుతుంటుంది, అంచేత రోజంతా వస్తాయి. రోడ్డు దాటేటప్పుడు మాత్రం తీసెయ్యండి. ఫోన్ హాల్లో ఉన్నా పదిమీటర్ల దూరందాకా మాట అందుతుంది, మధ్యలో గోడలుంటే తగ్గుతుంది.

వారానికోసారి పొడిబట్టతో తుడిచి, రబ్బరు తొడుగులు విడిగా తీసి శుభ్రం చేయండి. ఒకరివి ఇంకొకరు పెట్టుకోవద్దు. చప్పుడు సగానికి కాస్త పైన చాలు. 80 డెసిబెల్స్ చప్పుడు వారానికి 40 గంటలకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పక్కన కూర్చున్నవాళ్ళకి మన పాట వినబడుతోందంటే చప్పుడు ఎక్కువైనట్టే.

చివరికి నేను బిల్లుతో, నంబరు సరిచూసుకుని పదకొండు వందలకి కొన్నాను. నాలుగు నెలలైంది, చక్కగా పనిచేస్తున్నాయి. కొన్న మూడోరోజు సాయంత్రం సంగటి గెలుకుతుంటే మా అమ్మాయి "అమ్మా, పక్కన ఎవరూ వినడంలేదు కదా?" అనడిగింది. లేదన్నాను. అప్పుడు చెప్పింది, ఒక పరీక్ష తప్పానని, రెండు నెలల్నుంచీ దాచానని. అటు ఏడుపు, ఇటు నా చేతిలో తెడ్డు. "తప్పితే మళ్ళీ రాద్దువులే, అన్నం తిన్నావా?" అన్నాను. ఆరోజు సంగటి కాస్త అడుగంటింది. ఇంట్లో ఎవరికీ కారణం చెప్పలేదు.

పదకొండు వందలు ఎక్కువేమీ కాదనిపించింది. మీరేమంటారు?