పందెపు గిత్త: పేరూ, పసా

కొల్లేటి వాలున చేను దున్నిన పశువు ఒకటి. ఆ ఊళ్ళ వారు పందెంలో బండ కట్టి చూడగోరే పశువు మరొకటి. ఏలూరుకు దిగువన మోకాటిలోతు ఒండ్రులో కాడి మోసినది చాలావరకు దున్నపోతు. దాని డెక్క వెడల్పు. బురదలో దిగబడినా కంగారుపడదు. తాడేపల్లిగూడెం దాటి మెట్టకు ఎక్కితే ఎద్దుల అరకలు కనిపించేవి. ట్రాక్టరు వచ్చి రెండింటినీ ఇంటికి పంపివేసినది. కాని సంక్రాంతి దినాలలో గుడివాడ వంటి చోట బండలాగుడు పందెం పెడితే, బరిలో నిలిచేది ఒంగోలు గిత్తయే. గుండ్లకమ్మ తీరపు జాతిని నూరు మైళ్ళకు పైబడిన దూరం నుంచి తెచ్చుకొనటానికి కారణమేమి? దీనిని వట్టి మోజు అని కొట్టివేయటానికి వీలులేదు.

పందెం చూడని విద్యార్థుల కోసం రెండు మాటలు చెప్పవలసి ఉన్నది. చదును చేసిన బాటమీద పెద్ద రాతిబండను జతకు కడతారు. నిర్ణీత కాలంలో ఎన్ని అడుగులు లాగినదో కొలుస్తారు. జతలను విభాగాలుగా విడదీసేది పళ్ళనుబట్టి: పాలపళ్ళు, రెండుపళ్ళు, నాలుగుపళ్ళు, ఆరుపళ్ళు, ఆపైన పెద్దవి. పశువుకు పై దవడ ముందుభాగాన పళ్ళు ఉండవు గనుక ఈ లెక్క కింది వరుసదే. రెండేళ్ళు దాటిన తరువాత పాలపళ్ళు రాలి జతజతగా పెద్దపళ్ళు వస్తాయి. ఎనిమిదీ నిండేసరికి నాలుగైదేళ్ళు పడుతుంది. పుట్టినతేదీ కాగితం లేని లోకంలో ఇంతకన్న నమ్మదగిన సాక్ష్యం లేదు.

బండ చక్రాలమీద పోదు, నేలను రాసుకుంటూ పోతుంది. నిలిచిన బండను కదిలించటానికి కావలసిన బలం, కదిలిన బండను నడిపించటానికి కావలసిన దానికన్న ఎక్కువ. ఘర్షణను గురించి తరగతిలో చదివిన పిల్లలకు ఇది కొత్త కాదు. బాట చివర ఆగి, తిరిగి, మళ్ళీ ఎత్తుకొన్నప్పుడల్లా ఆ మొదటి బరువు మీదపడుతుంది. అందుచేత పందెగానికి కావలసినది పరుగు కాదు; ఒక్కసారిగా మెడ వంచి మోపగల శక్తి, దానిని మళ్ళీ మళ్ళీ చూపగల దమ్ము. ఒంగోలు గిత్తకు ఎత్తైన మోపురం, లోతైన రొమ్ము, పొడవైన గట్టి కాళ్ళు ఉన్నవి. వదులుగా వేలాడే చర్మమూ గంగడోలూ ఉన్న ఈ జాతి ఎండకు ఓర్చుకుంటుంది. దున్నపోతు ఇక్కడనే ఓడిపోతుంది: నల్లని తోలు, తక్కువ చెమట, గంటకొకసారి నీటిగుంట కావలసిన దేహం. బురదలో రాజైనది ఎండబాటమీద బంటు కూడా కాలేదు.

ఇంత చెప్పినా జాతి సగమే. దాపలి గిత్త, వలపలి గిత్త ఒకే అడుగు వేయకపోతే ఎంత బలమూ కాడిని వంకర తిప్పటానికే ఖర్చవుతుంది. ఎత్తు కుదరాలి, అడుగు కుదరాలి, రెండూ తోలేవాని గొంతు ఎరిగి ఉండాలి. చర్నాకోల దెబ్బకు కదిలే జత మంచి జత కాదు. ఆ దెబ్బ అవసరమైనదంటే మచ్చిక తక్కువపడినదని నా అభిప్రాయం. అటువంటి పందెం చూడకపోవటమే మేలు.

అయితే కొనేవాడు ముందుగా అడిగేది పేరు. పాలపళ్ళ కోడెలో బలం ఇంకా బయటపడలేదు. అది ఏ గిత్తకు పుట్టినదో, ఏ ఇంట పెరిగినదో విని డబ్బు కడతాడు. కంటికి కనిపించని చోట పేరే కొలబద్ద. ఇది మన రైతు ఒక్కనికే ఉన్న గుణం కాదు. డాకర్ అనే ఎడారి పందెంలో నాలుగు చక్రాల క్వాడ్ మోటారు బండ్లకు ఒక విభాగం ఉండేది. 2009 నుంచి 2024 దాకా అందులో ప్రథములైన వారందరూ ఎక్కినది యమహా బండియే. 2025 నుంచి ఆ విభాగమే లేదు. బండి గట్టిదే, సందేహం లేదు. కాని దిగినవారిలో అధికులు దానినే ఎక్కినప్పుడు, దానిని విప్పి బిగించటం తెలిసిన చేతులూ, విడిభాగాలూ దానికే దొరుకుతాయి. గెలుపూ తరచుగా దానికే దక్కుతుంది. మరుసటి ఏడు కొత్తవాడు కళ్ళు మూసుకొని దానినే కొంటాడు. గిత్తల సంగతీ అంతే. మేపటం తెలిసినవాడూ, తోలటం తెలిసినవాడూ ఒంగోలు జాతి చుట్టూనే ఉన్నారు.

ఈ పేరు సముద్రాలు కూడా దాటినది. 1868లో ఒక జంట బ్రెజిల్ దేశపు సాల్వడోర్ రేవులో దిగినదని చెబుతారు. అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిది గనుక అక్కడ ఈ జాతికి నెలోరె అనే పేరు నిలిచినది. 2023లో వయాటినా-19 అనే నెలోరె ఆవులో మూడోవంతు వాటాకు పలికిన ధరనుబట్టి దాని విలువ 2 కోట్ల 10 లక్షల రియాళ్ళని లెక్కకట్టారు. దాని బరువు సుమారు 1,100 కిలోలు. వారు మాంసం కోసం ఎన్నుకున్నారు, మనం బండ కోసం ఎన్నుకుంటున్నాము. మన వైపు లాంలోనూ, చదలవాడలోనూ ప్రభుత్వ క్షేత్రాలు ఆవులతో సహా మందలను నిలుపుతున్నవి. పందెగాడు మాత్రం గిత్తనే కొంటాడు, ఆవును కట్టుకోడు. వరిచేలు చేపలచెరువులైన కొల్లేటి ఊళ్ళలో ఆవును మేపటానికి గడ్డివాము కూడా మిగలలేదు. అందుకే కోడె కావలసినవాడు ఏటా కృష్ణ దాటి ఒంగోలు వైపే పోవలసి వస్తున్నది.