చెట్ల కోసం ఇచ్చే దానం



ఖమ్మం దగ్గర రెడ్డిపల్లిలో వనజీవి రామయ్యగారుండేవారు. ఊరూరా తిరిగి కోటికి పైగా మొక్కలు నాటారనీ, విత్తనాల కోసం సొంత పొలమే అమ్ముకున్నారనీ చెబుతారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2025 ఏప్రిల్‌లో కాలం చేశారు.

అంత త్యాగం అందరివల్లా కాదు. అడవినీ చెరువుగట్లనూ కాపాడే సంఘమేదైనా ఉంటే, పంట చేతికొచ్చినప్పుడు ఒక బస్తా వెల ఇవ్వండి. రశీదు మాత్రం పుచ్చుకోండి. ‘నా తదనంతరం ఇంత ఇవ్వండిరా’ అని పిల్లలకు చెబితే చాలదు, వీలునామా రాయాలి. స్టాంపు కాగితం అక్కరలేదు. మీరు సంతకమో వేలిముద్రో వేయాలి, అది చూసిన ఇద్దరు సాక్షులు మీ ఎదుటే సంతకాలు చేయాలి. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు గాని, చేయిస్తే తగాదాలు తగ్గుతాయి. బతికున్నంతకాలం మార్చుకోవచ్చు. పిత్రార్జితంలో మీ వాటా వరకే మీ ఇష్టం.

భద్రాచలం వైపు ఏజెన్సీ భూమి సంగతి వేరు. 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దాని 1970 సవరణ ప్రకారం అక్కడ గిరిజనేతరులకు రాసిన దానపత్రం చెల్లదు. సభ్యులంతా గిరిజనులే అయిన సహకార సంఘానికైతే ఇవ్వవచ్చు. మిగతావాటికి డబ్బో విత్తనాలో ఇవ్వటం సుళువు. వేపగింజలైతే ఏరిన రెండు వారాల్లోపే అందించండి, ఆలస్యమైతే మొలవవు.