షట్టర్ దించినా మీటరు ఆగదు

రాత్రి పదిన్నర అవుతుంటే ఆబిడ్స్‌లో షట్టర్లు ఒక్కొక్కటే దిగుతాయి. జనరల్ పోస్టాఫీసు ముందు ఆటోలు పల్చబడతాయి. దుకాణం కట్టేశాం కదా, ఇక కరెంటు ఖర్చు కూడా లేదనుకుంటాం. కానీ లోపల సీసీ కెమెరాలు, వాటి రికార్డర్, వైఫై రూటర్, యూపీఎస్, కూల్‌డ్రింక్ ఫ్రిజ్, ఎవరికీ ఆపాలని గుర్తురాని సైన్‌బోర్డు అలాగే నడుస్తుంటాయి. అన్నీ కలిపి 400 వాట్లు అనుకుందాం. మళ్లీ పొద్దున్నే తాళం తీసేదాకా 12 గంటలు. అంటే రాత్రికి 4.8 యూనిట్లు, నెలకు 144.

దుకాణాల కేటగిరీలో యూనిట్ ధర ఇంటి ధర లాంటిది కాదు. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన టారిఫ్‌లో నెలకు 500 దాటిన ప్రతి యూనిట్‌కు 11 రూపాయలు. ఏసీ ఉన్న షోరూమ్ ఏదైనా 500 ఇట్టే దాటేస్తుంది. కాబట్టి మూసిన కొట్టు నెలకు దాదాపు 1,580 రూపాయలు తాగేస్తోందన్నమాట. ఆ డబ్బుతో ఎన్ని ఇరానీ చాయ్‌లు వస్తాయో నాంపల్లి స్టేషన్ ఎదురుగా నిలబడి లెక్కేసుకోండి.

సమస్య ఏంటంటే, ఇది మామూలు బిల్లులో కనిపించదు. నెలాఖరున రీడింగ్ తీసే మనిషి వచ్చి ఒక చీటీ ఇస్తాడు. 'ఇన్ని యూనిట్లు, ఇంత కట్టండి' అంతే. ఏ రోజు ఎక్కువైంది, ఏ గంటలో ఎక్కువైంది అంటే ఎవరి దగ్గరా జవాబు లేదు. కిరాణా కొట్టువాడు సరుకుల పద్దు లేకుండా నెలకోసారి 'మొత్తం ఇరవై వేలు' అంటే ఊరుకుంటామా?

స్మార్ట్ మీటరు ఇచ్చేది ఆ పద్దే. ప్రతి 15 నిమిషాలకో, అరగంటకో ఎంత వాడారో రాసిపెట్టుకుంటుంది. సిమ్ ద్వారానో, రేడియో సిగ్నల్ ద్వారానో కంపెనీ సర్వర్‌కు పంపుతుంది. 2023 జూన్‌లో కేంద్రం సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం ఈ మీటర్లను రోజుకు కనీసం ఒకసారి దూరం నుంచే చదవాలి, ఆ లెక్క మీకూ చూపించాలి. ఫోన్‌లో గ్రాఫ్ తెరిస్తే రాత్రి రెండింటికి కూడా గీత సున్నాకు దిగలేదంటే దొంగ దొరికినట్టే.

హైదరాబాద్‌కు ఇది మరీ కొత్త సంగతేం కాదు. దేశవ్యాప్తంగా జరిగిన స్మార్ట్ గ్రిడ్ పైలట్లలో ఒకటి మన జీడిమెట్ల పారిశ్రామిక ప్రాంతంలోనే నడిచింది, సుమారు 11,900 కనెక్షన్లతో. అప్పుడు ఫ్యాక్టరీల కోసం చేసింది ఇప్పుడు బట్టల కొట్టు దాకా రావాలి.

అసలు గొడవ మాత్రం టైమ్ దగ్గర ఉంది. తెలంగాణలో పెద్ద హెచ్‌టీ కనెక్షన్లకు ఉదయం 6 నుంచి 10, సాయంత్రం 6 నుంచి 10 మధ్య యూనిట్‌కు అదనంగా రూపాయి పడుతుంది. రాత్రి పది దాటాక తగ్గింపు ఉంటుంది. 2023 కేంద్ర నిబంధనలు ఈ పద్ధతిని 10 కిలోవాట్లు దాటిన వ్యాపార కనెక్షన్లకూ తేవాలన్నాయి. ఎండ ఉన్న గంటల్లో కనీసం 20 శాతం తక్కువ రేటు, డిమాండ్ ఎక్కువున్న వేళ వ్యాపారాలకు కనీసం 1.2 రెట్లు. మీ షాపుకు వర్తిస్తోందో లేదో మీ బిల్లు మీదే చూసుకోండి.

చెప్పండి, ఆబిడ్స్‌లో బేరం ఎప్పుడు? సాయంత్రం ఆరు తర్వాతే కదా! ఆఫీసులు వదిలాక, కాలేజీ పిల్లలు జగదీశ్ మార్కెట్‌లో ఫోన్ కవర్లు బేరమాడే వేళ. 'లైట్లు మధ్యాహ్నం వేసుకోండి, సాయంత్రం ఆపేయండి' అని సేఠ్‌కు చెబితే నవ్వుతాడు. నా అభిప్రాయం అడిగితే, ఈ పద్ధతి ఫ్యాక్టరీకి కుదిరినట్టు బజారుకు కుదరదు. మూడు షిఫ్టుల మిషన్ టైమ్ మార్చుకుంటుంది, కస్టమర్ మార్చుకోడు.

అయినా కొంత జరపొచ్చు. ట్యాంకు నింపే మోటారు, ఐస్‌క్రీమ్ పార్లర్ డీప్ ఫ్రీజర్‌ను బాగా చల్లబరిచి పెట్టడం, కరెంటు ఓవెన్ ఉన్న బేకరీలో రెండో వాయి బిస్కెట్లు, ఇస్త్రీ పనులు. వీటిని ఎవరూ చూడరు కాబట్టి మధ్యాహ్నానికి తోసేయొచ్చు. మిగతాది టైమ్ మార్చి కాదు, వస్తువు మార్చి తగ్గించాలి. షోకేసులో 50 వాట్ల హాలోజెన్లు 20 ఉంటే పది గంటలకు పది యూనిట్లు. అవే 7 వాట్ల ఎల్‌ఈడీలైతే 1.4. రోజుకు 94 రూపాయల తేడా. పైగా హాలోజెన్ వేడికి ఏసీ పడే పాట్లు తగ్గుతాయి.

ఇంకో మాట, చాలామంది పట్టించుకోనిది: కాంట్రాక్టెడ్ లోడ్. కొన్న కిలోవాట్లకు ఫిక్స్‌డ్ చార్జీ కట్టాల్సిందే, వాడినా వాడకపోయినా. ఎప్పుడో పాత ఏసీలప్పుడు తీసుకున్న లోడ్ అలాగే మోస్తున్న కొట్లుంటాయి. స్మార్ట్ మీటరు మీ గరిష్ఠ డిమాండ్ ఎంతో పక్కాగా చెబుతుంది. సంవత్సరమంతా 6 కిలోవాట్లు దాటకపోతే 10కి ఎందుకు కట్టాలి? తిరకాసు రెండో వైపూ ఉంది. లోడ్ దాటితే అదీ దాచలేం. మీటరు పెట్టకముందు కాలానికి ఆ డిమాండ్ చూపించి జరిమానా వేయకూడదని అవే నిబంధనలు చెప్పడం కొంత ఊరట.

పాత బిల్డింగుల్లో మరో చిక్కు. ఒకే మీటరు కింద మూడు కొట్లు, ఓనర్ చెప్పిందే రేటు. అక్కడ మెయిన్ మీటరు ఎంత స్మార్ట్ అయినా అద్దెకున్నవాడికి ఒరిగేదేం లేదు. వేరు కనెక్షన్ అడగాలి, లేదా కనీసం సబ్ మీటరైనా.

స్మార్ట్ మీటరు రాలేదని కూర్చోకండి. ఇప్పుడున్న ఎలక్ట్రానిక్ మీటరు చాలు. రాత్రి షట్టర్ దించేటప్పుడు ఒక ఫోటో, పొద్దున తాళం తీయగానే ఇంకో ఫోటో. వారం రోజులు తీస్తే రాత్రి ఖర్చు మీ గ్యాలరీలోనే ఉంటుంది. ఫ్రిజ్ మీద అనుమానముంటే యూనిట్లు చూపించే స్మార్ట్ ప్లగ్ ఒకటి పెట్టి చూడండి.

నమ్మకం సంగతి వేరే. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో స్మార్ట్ మీటర్ల మీద వామపక్షాలు రోడ్డెక్కాయి. బిల్లు ఎక్కువొస్తుందన్న భయం ఇక్కడి కొట్లలోనూ ఉంటుంది. అందుకే పాత మీటరు విప్పేముందు చివరి రీడింగ్ ఫోటో తీసి పెట్టుకోండి. కొత్తది తప్పుగా తిరుగుతోందనిపిస్తే ఫిర్యాదు చేయండి. 2024లో వచ్చిన సవరణ ప్రకారం ఐదు రోజుల్లో పక్కనే ఇంకో మీటరు బిగించి, కనీసం మూడు నెలలు రెండు లెక్కలూ పోల్చి చూపాల్సిన బాధ్యత కంపెనీదే.