నడుము చెక్కే గొట్టం

ఆపరేషన్ బల్ల పక్కన కొలత గీతలున్న పారదర్శక డబ్బా ఒకటి ఉంటుంది. సర్జన్ చేతిలోని సన్నటి ఉక్కు గొట్టానికి తగిలించిన పైపు రెండో కొస అందులోనే ఉంటుంది. మోటారు వేయగానే కరిగీ కరగని వెన్నలాంటిది లేత పసుపు రంగులో వచ్చి పడుతుంది. పని ముగిశాక డబ్బాను కాసేపు కదపకుండా ఉంచితే లోపలిది రెండు పొరలుగా తేరుకుంటుంది. పైన కొవ్వు, అడుగున నెత్తురు కలిసిన నీరు. డబ్బా ఐదు లీటర్ల గీతను తాకినా అందులో కొవ్వు మూడు లీటర్లే ఉండొచ్చు. కొవ్వు నీటికన్నా తేలిక కాబట్టి తూకం వేస్తే అది మూడు కిలోలకూ రాదు.

‘ఎన్ని కిలోలు తగ్గుతానండీ?’ లైపోసక్షన్ కోసం వచ్చినవాళ్లు ప్లాస్టిక్ సర్జన్ ఎదుట కూర్చోగానే అడిగే మాట ఇది. పెళ్లి ముహూర్తం దగ్గరపడిన అబ్బాయైనా, రెండో కాన్పు తర్వాత పొట్ట తగ్గలేదని వచ్చిన అమ్మాయైనా ప్రశ్న మారదు. నిజాయతీ ఉన్న సర్జన్ అయితే అక్కడే కొందరిని వెనక్కి పంపేస్తారు. తిండి తగ్గించినా, చెమటలు కక్కేలా నడిచినా ఒకేచోట మొండికేసి కూర్చున్న కొవ్వును తీసి ఒంటి తీరు దిద్దడానికే ఈ శస్త్రచికిత్స. ఫలితం తెలిసేది ప్యాంటు సైజులో, జాకెట్టు కొలతలో. బరువు తూచే యంత్రం మీద కనిపించేది తక్కువ.

అంతర్జాతీయ సౌందర్య ప్లాస్టిక్ సర్జన్ల సంఘం ‘ఐసాప్స్’ లెక్కల ప్రకారం 2023లో ప్రపంచవ్యాప్తంగా 22 లక్షలకు పైగా లైపోసక్షన్లు జరిగాయి. ఒకప్పుడు సినిమావాళ్ల వ్యవహారం అనుకున్నది ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, కొత్త పెళ్లికొడుకులు వాకబు చేసే పని అయింది. ‘పొద్దున వచ్చి సాయంత్రం ఇంటికి’ అన్న ప్రకటనలు ఫోన్‌లో కనిపిస్తూనే ఉంటాయి. సాయంత్రానికి ఇంటికి వెళ్లడం చాలామంది విషయంలో నిజమే. ఆ తర్వాతి ఆరు నెలల సంగతే ఆ ప్రకటనల్లో ఉండదు.

ఏ పొట్టకు పనికొస్తుంది?

చర్మాన్ని రెండు వేళ్లతో పట్టుకుంటే మడతలా చేతికొచ్చేది చర్మం కింది కొవ్వు. గొట్టం అందుకోగలిగేది దాన్నే. కాళ్లూ చేతులూ సన్నగా ఉండి, పొట్ట మాత్రం గట్టిగా ముందుకొచ్చిన మగవాళ్లు మన దగ్గర వీధికి పదిమంది కనిపిస్తారు. వాళ్ల కొవ్వులో ఎక్కువ భాగం కండరాల వెనక, పేగుల చుట్టూ చేరి ఉంటుంది. అక్కడికి గొట్టం పోకూడదు. మధుమేహానికీ గుండెజబ్బుకూ దారితీసేది ప్రధానంగా ఆ లోపలి కొవ్వే. దక్షిణాసియా వాళ్లలో నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే ముప్పని వైద్యులు చెబుతున్నదీ అందుకే. ఆ పొట్టకు మందు నడకలో, తిండిలో, అవసరమైతే మాత్రల్లో ఉంది తప్ప థియేటర్‌లో లేదు.

ఈ తేడాను సూటిగా పరీక్షించిన అధ్యయనం ఒకటి 2004లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో వచ్చింది. స్థూలకాయం ఉన్న 15 మంది మహిళలకు పొట్ట నుంచి ఒక్కొక్కరికి దాదాపు 10 కిలోల కొవ్వు తీశారు. పది పన్నెండు వారాల తర్వాత చూస్తే రక్తపోటు, కొలెస్ట్రాల్, ఇన్సులిన్ పనితీరు ఏవీ మెరుగుపడలేదు. అదే పది కిలోలు తిండి తగ్గించి పోగొట్టుకుంటే ఇవన్నీ కదులుతాయి.

కాన్పుల తర్వాత చర్మం సాగి, పొట్ట మధ్యలో కండరాలు విడిపోయిన మహిళలకు కొవ్వు ఒక్కటే తీస్తే చర్మం మరింత వేలాడుతుంది. వాళ్లకు కావాల్సింది చర్మం కత్తిరించి కండరాన్ని కుట్టే టమ్మీ టక్. అబ్బాయిల్లో ఛాతీ పెరిగే గైనకోమాస్టియాలోనూ గొట్టంతో కొవ్వు వస్తుంది కానీ గట్టిగా ఉండే గ్రంథి రాదు. చనుమొన నల్లటి వలయం అంచున చిన్న కోత పెట్టి దాన్ని విడిగా తీయాలి. ‘గొట్టంతోనే అయిపోతుంది’ అన్న మాట నమ్మి డబ్బు కట్టేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే.

రోమ్‌లో మొదలై...

కొవ్వు తీయాలన్న ఆలోచన పాతదే, దాని తొలి అధ్యాయం మాత్రం భయంకరం. 1920ల్లో పారిస్‌లో చార్లెస్ దుజారియే అనే సర్జన్ ఒక యువతి కాళ్లు సన్నబరచబోయి రక్తనాళాన్ని దెబ్బతీశాడు. కాలు కుళ్లి, చివరికి తీసేయాల్సి వచ్చింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఎవరూ గట్టిగా ముందుకు రాలేదు. 1970ల మధ్యలో రోమ్‌కు చెందిన తండ్రీకొడుకులు అర్పాడ్ ఫిషర్, జార్జియో ఫిషర్ గొట్టంతో కొవ్వు లాగే పద్ధతి మొదలుపెట్టారు. 1977లో పారిస్ సర్జన్ ఈవ్ జెరార్ ఇల్లూజ్ దగ్గరికి వీపు మీద కొవ్వు గడ్డతో ఓ నటి వచ్చింది. పెద్ద మచ్చ పడకూడదంది. ఆయన మొద్దు మొన ఉన్న గొట్టాన్ని చిన్న రంధ్రం నుంచి పంపి గడ్డను లాగేశాడు. పదును లేని మొన కావడంతో నరాలూ నాళాలూ చాలావరకు తెగకుండా పక్కకు తప్పుకుంటాయి. ఇవాళ్టి లైపోసక్షన్‌కు పునాది అదే.

అయినా నెత్తురు బాగా పోయేది. దానికి విరుగుడు కనిపెట్టింది కాలిఫోర్నియా చర్మవైద్యుడు జెఫ్రీ క్లైన్. 1985లో ఆయన సెలైన్‌లో మత్తు ఇచ్చే లిడోకైన్, రక్తనాళాలను ముడిచే ఎడ్రినలిన్ బాగా పలచగా కలిపి, కొవ్వు పొర ఉబ్బి గట్టిపడేదాకా ఎక్కించడం మొదలుపెట్టారు. అంతకుముందు డబ్బాలోకి వచ్చినదాంట్లో పావు వంతు, అంతకు మించి కూడా రక్తమే ఉండేది. ఈ ‘ట్యూమెసెంట్’ పద్ధతితో అది ఒక శాతం దగ్గరికి దిగింది. తర్వాత అల్ట్రాసౌండ్‌తో కొవ్వును వదులు చేసే వేజర్, లేజర్, దానంతటదే కంపించే గొట్టం వంటివి వచ్చాయి. ప్రకటనలు యంత్రం పేరునే పెద్ద అక్షరాల్లో వేస్తాయి. ఫలితాన్ని తేల్చేది యంత్రం కన్నా ఎక్కువగా దాన్ని పట్టుకున్న చెయ్యి.

థియేటర్‌లో ఆ రెండు గంటలు

పని ముందురోజుల్లోనే మొదలవుతుంది. రక్తపరీక్షలు, రక్తం గడ్డకట్టే సమయం, ఈసీజీ చూస్తారు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, చేపనూనె, విటమిన్-ఇ, వెల్లుల్లి మాత్రలు డాక్టర్ చెప్పిన మేరకు ఆపాలి. ‘ఆయుర్వేదమే కదా’ అని దాచిపెట్టే మందుల గురించీ చెప్పాలి. సిగరెట్ కనీసం నెల ముందే మానాలి. ఇప్పుడు ఇంకో ప్రశ్న చేరింది. 2025లో మన మార్కెట్లోకి వచ్చిన మౌంజారో, వెగోవీ లాంటి బరువు తగ్గించే ఇంజెక్షన్లు వాడుతున్నారా అని. అవి కడుపు ఖాళీ అవడాన్ని నెమ్మదింపజేస్తాయి. పరగడుపునే వచ్చినా లోపల తిండి మిగిలి ఉండొచ్చు, మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం మీదికొస్తుంది. మత్తు డాక్టర్ దగ్గర ఈ సంగతి దాచకూడదు.

ఆపరేషన్ రోజు పొద్దున రోగిని నిలబెట్టి మార్కర్‌తో గీతలు గీస్తారు. పడుకుంటే కొవ్వు జారిపోయి అసలు ఎత్తుపల్లాలు తెలియవు కాబట్టి నిలబడి ఉండగానే గీయాలి. థియేటర్‌లో బొడ్డు అంచునో, లోదుస్తుల గీత కిందో మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల రంధ్రాలు పెడతారు. ద్రావణం ఎక్కించాక పది, ఇరవై నిమిషాలు ఆగుతారు. చర్మం తెల్లగా పాలిపోయిందంటే నాళాలు ముడుచుకున్నట్టు. అప్పుడు గొట్టం దించి ముందుకూ వెనక్కూ ఆడిస్తారు. కుడిచేయి గొట్టాన్ని నడుపుతుంటే, ఎడమ అరచేయి చర్మం మీద ఆనించి మొన ఎక్కడుందో, ఇంకెంత మందం మిగిలిందో తడిమి చూస్తుంటుంది. ఒకేచోట ఎక్కువ లాగితే గుంట పడుతుంది. కొవ్వు పొర కొంత మిగల్చడమే అసలు నేర్పు.

ఐదు లీటర్లు దాటి తీయడాన్ని పెద్ద మోతాదు అంటారు. దానికి కనీసం ఆ రాత్రి ఆస్పత్రిలో ఉంచి చూసుకోవాలన్నది అమెరికా ప్లాస్టిక్ సర్జన్ల సంఘం నియమం. ఒకేరోజు పొట్ట, తొడలు, చేతులు, వీపు అన్నీ చేయించేసుకోవాలన్న ఆరాటం ఈ గీత దగ్గరే ఆగాలి.

బెల్టు కట్టిన నెలన్నర

ఇంటికి వచ్చిన మొదటి రాత్రి కంగారు పెట్టేది నొప్పి కన్నా తడి. ఎక్కించిన ద్రావణం చాలావరకు లోపలే ఉండిపోయి, రంధ్రాల గుండా గులాబీ రంగులో కారుతూ ఉంటుంది. దుప్పటి తడిసిపోవడం చూసి ఇంట్లోవాళ్లు నెత్తురు పోతోందని హడలిపోతారు. రబ్బరు షీటు, దూది ప్యాడ్లు ముందే సిద్ధం చేసుకుంటే చాలు, ఒకటి రెండు రోజుల్లో ఆగిపోతుంది. మరి మొదటి రాత్రి పక్కన మనిషి ఉండాలనేది ఎందుకు? లిడోకైన్ రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరేది ఎక్కించిన పది, పద్నాలుగు గంటల తర్వాత. 70 కిలోల మనిషికి మామూలు ఇంజెక్షన్‌గా అర గ్రాము దాటనివ్వని మందు, ఈ పద్ధతిలో రెండున్నర గ్రాముల దాకా వెళ్తుంది. పలచగా ఉండి మెల్లగా ఇంకుతుంది కాబట్టే అది చెల్లుతోంది. పెదవుల చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు మొదలైతే వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. అక్కడ ఇచ్చే విరుగుడు, విచిత్రంగా, నరంలోకి ఎక్కించే కొవ్వు ద్రావణమే.

ఆపరేషన్ తర్వాత వేసుకునే బిగుతు తొడుగును పుస్తకాల్లో కంప్రెషన్ గార్మెంట్ అన్నా ఆస్పత్రిలో అందరూ పిలిచేది ‘బెల్టు’ అనే. నాలుగు నుంచి ఆరు వారాలు, స్నానం వేళ తప్ప ఒంటి మీదే ఉండాలి. మొదటిసారి విప్పినప్పుడు బిగువు ఒక్కసారిగా పోయి కళ్లు తిరిగి పడిపోయేవాళ్లున్నారు. కూర్చుని, పక్కన ఎవరైనా ఉండగా మెల్లగా విప్పాలి. మే నెల విజయవాడ ఎండలో ఈ బెల్టు ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. చెమటకాయలు, దురద, మచ్చలు. శీతాకాలంలో పెట్టుకోవడంలో ఉన్న తెలివి అక్కడ తెలుస్తుంది.

కమిలిన మచ్చలు మొదటి వారంలో ముదిరి, రెండు మూడు వారాల్లో పోతాయి. రక్తం కిందికి జారడంతో పొట్టకు చేయించుకుంటే మర్మాంగాల దగ్గర నల్లబడి, వాస్తుంది. ముందే చెప్పకపోతే మగవాళ్లు బెంబేలెత్తిపోతారు. మూడోరోజు బరువు చూసుకుంటే తగ్గకపోగా పెరిగి ఉండొచ్చు, ఒంట్లో నీరు చేరి ఉంటుంది కాబట్టి. రెండో వారం దాటాక చర్మం కింద గడ్డలు గడ్డలుగా తగలడం, మొద్దుబారడం, సూదులు గుచ్చినట్టు అనిపించడం మామూలు. వాపు చాలావరకు నెలన్నరకు తీస్తుంది, పూర్తిగా తీయడానికి మూడు నుంచి ఆరు నెలలు. కూర్చుని చేసే ఉద్యోగానికి వారంలోపే వెళ్లొచ్చు. బరువులెత్తే జిమ్ముకు నెలన్నర ఆగాలి. నడక మాత్రం అదేరోజు సాయంత్రం నుంచీ తప్పదు, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా కాపాడేది అదే.

పథ్యం దగ్గర ఇంట్లో యుద్ధం మొదలవుతుంది. ‘పప్పు పెడితే చీము పడుతుంది’ అని అమ్మమ్మ కంచంలోంచి పప్పు తీసేస్తుంది. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి, పప్పూ గుడ్డూ పెట్టమంటారు డాక్టర్లు. మానాల్సినవి ఆవకాయ, అప్పడాలు. ఆ ఉప్పుకు వాపు మొండికేస్తుంది.

ప్రమాదం ఎక్కడ?

తెలుగువాళ్లకు ఈ ఆపరేషన్ పేరు గట్టిగా వినిపించింది 2015 జూన్‌లో. ‘నువ్వు నాకు నచ్చావ్’ నాయిక ఆర్తీ అగర్వాల్ న్యూజెర్సీలో 31 ఏళ్లకే గుండె ఆగి చనిపోయారు. అంతకు కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకున్నారని, శ్వాస ఇబ్బందితో బాధపడ్డారని వార్తలొచ్చాయి. 2022 మేలో బెంగళూరులో కన్నడ టీవీ నటి చేతనా రాజ్ కొవ్వు తీసే శస్త్రచికిత్స కోసం చేరిన రోజే చనిపోయింది. వయసు 21. అమ్మానాన్నలకు చెప్పకుండా వెళ్లిందని అప్పట్లో పత్రికలు రాశాయి.

అమెరికాలో 1994-98 మధ్య జరిగిన లైపోసక్షన్ల మీద ప్లాస్టిక్ సర్జన్లను అడిగి చేసిన సర్వేలో సుమారు ఐదువేలకు ఒక మరణం తేలింది. అన్నిటికన్నా పెద్ద కారణం ఊపిరితిత్తుల్లోకి చేరిన రక్తపు గడ్డ. పద్ధతులు అప్పటికన్నా ఇప్పుడు భద్రం. అయినా ఆయాసం, మాట తడబాటు, ఒంటి మీద ఎర్రటి చుక్కలు, తగ్గకుండా పెరిగే కడుపునొప్పి, కాలి పిక్కలో ఒకవైపే నొప్పీ వాపూ కనిపిస్తే పొద్దున చూద్దామనుకోకూడదు. హెర్నియా ఉన్న పొట్టలో గొట్టం పేగును గుచ్చే ముప్పుంది. అందుకే ముందు స్కాన్ అడిగే డాక్టర్‌ని ఖర్చు పెంచుతున్నాడని అనుమానించకూడదు.

తీసిన కొవ్వు తిరిగొస్తుందా అన్న ప్రశ్నకు కొలరాడో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011లో జవాబిచ్చారు. తొడలు, కింది పొట్ట దగ్గర తీయించుకున్న మహిళల్లో ఏడాది తిరిగేసరికి మొత్తం కొవ్వు మళ్లీ పాత లెక్కకు వచ్చింది. అయితే తొడల్లో చేరలేదు, పొట్ట వైపు మళ్లింది. ఆపరేషన్ తర్వాత పాత తిండికే తిరిగి వెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క ఇది.

డబ్బు సంగతికొస్తే, సౌందర్యం కోసం చేయించుకునే శస్త్రచికిత్సకు మన ఆరోగ్య బీమా వర్తించదు. వైద్యసేవలకుండే జీఎస్టీ మినహాయింపూ ఉండదు. సర్జన్‌కు ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్‌ లేదా డీఎన్‌బీ ఉందా, పేరు వైద్యమండలి రిజిస్టర్‌లో ఉందా అన్నది ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. మత్తు డాక్టర్ మొదటి నుంచి చివరిదాకా థియేటర్‌లోనే ఉంటారా, అదే భవనంలో ఐసీయూ ఉందా, లేకపోతే ఏ ఆస్పత్రికి ఎంతసేపట్లో తీసుకెళ్తారు అని అడిగితే చిరాకుపడే చోట అడ్వాన్సు కట్టనక్కర్లేదు. ఎగుడుదిగుళ్లు మిగిలితే సవరణ ఆపరేషన్ వాపు పూర్తిగా తీశాక, అంటే ఆరు నెలలు ఆగాకే చేస్తారు. దాని ఖర్చు మొదటి ప్యాకేజీలోనే ఉందో లేదో ముందే కాగితం మీద రాయించుకోవాలి.